పటమట మేడ మీది టేకు డెక్: పీయూ గీకేసి నూనె పట్టించిన పని

విజయవాడ పటమటలో ఒక సొంతిల్లు, రెండో అంతస్తు టెర్రస్. పడమర, దక్షిణం వైపులు పూర్తిగా ఓపెన్. దాని మీద 22 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పున నాటు టేకు డెక్. పలకలు 90 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. మందం, మధ్యలో 6 మి.మీ. సందు. కింద పలకల్ని మోసే 2×2 అంగుళాల మద్ది రీపర్లు, 16 అంగుళాలకు ఒకటి చొప్పున 18. వేసి మూడు వేసవులైంది.

వేసినప్పుడు పైన క్లియర్ పీయూ (పాలియురేథేన్ పాలిష్, చెక్క మీద ప్లాస్టిక్ లాంటి పొర కడుతుంది) మూడు కోట్లు కొట్టారు. రెండో ఏడు పొట్టు లేవడం మొదలయ్యాక పాతది గీకకుండా దాని మీదే మరో రెండు కోట్లు కొట్టారు. మూడో ఏడు డిసెంబరుకి సగం నేల పాము కుబుసం విడిచినట్టుంది, మిగతా సగం బూడిద రంగు తేలింది. ప్రతి స్క్రూ చుట్టూ పావలా బిళ్ళంత నల్ల మచ్చ. పూలకుండీల వరస కింద ఒక పలక కొసని బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోతోంది. ఇంటివాళ్ళు అడిగింది ఒక్కటే: ఈసారి ఖరీదైన పీయూ కొట్టండి, ఐదేళ్ళు నిలవాలి.

కొట్టలేదు. కారణం డబ్బాలోది ఏ కంపెనీదన్న దాంట్లో లేదు.

ఊడిన చోటు చూస్తే

పలక నడుమ పీయూ ఇంకా గట్టిగానే ఉంది. ఊడింది అంచుల వెంబడి, కొసల దగ్గర, స్క్రూల చుట్టూ. పై నుంచి ఎండ కాల్చడం వల్లే పోయిందనుకుంటే అంతటా ఒకేలా పోవాలి. ఇక్కడ నీళ్ళు దూరిన దారులన్నీ అచ్చు వేసినట్టు కనిపిస్తున్నాయి.

పలకలు విప్పి తిరగేసి చూస్తే అడుగు భాగానికి పాలిష్ చుక్క కూడా తగల్లేదు. పక్కలకీ కొసలకీ అంతే. అంటే చెక్కకి ఒక వైపు ప్లాస్టిక్ రేకు కప్పి మిగతా మూడు వైపులా వదిలేశారు. స్లాబు మీద పడ్డ వాన ఆవిరై అడుగు నుంచి చెక్కలోకి ఎక్కుతుంది, పైన దారి లేక పీయూ కింద ఆగుతుంది. వాన వెలిసిన రెండో రోజు ఎండ తగిలిందంటే ఆ తేమే పొరని బుడగలా పైకి నెడుతుంది. పైగా టేకు ఎంత నిలకడైన చెక్కైనా 90 మి.మీ. పలక వానాకాలానికీ వేసవికీ మధ్య ఓ మిల్లీమీటరు దాకా ఉబ్బి తగ్గుతుంది. రోహిణి కార్తెకి రోళ్ళే పగులుతాయంటారు, వెంట్రుక మందం ఉన్న పీయూ పొర ఆ కదలికని ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? ఒక్క నెర్రె చాలు, నీళ్ళు దాని కింద పాకుతాయి. తలుపుకి, సోఫా చేతులకి పీయూ బాగుంటుంది. వాన నిలిచి, కాళ్ళు తిరిగే నేలకి కాదు.

రెండో తప్పు స్క్రూలు. మామూలు ఇనుప స్క్రూలకి పసుపు పూత వేసినవి వాడారు. పూత పోయి తుప్పు పట్టగానే టేకులో ఉండే టానిన్ అనే ఒగరు పదార్థం, ఇనుము కలిసి నల్ల రంగు పుట్టింది. పూర్వం సిరా చేసిన పద్ధతీ అదే. ఆ మచ్చని ఎంత గీకినా స్క్రూ మార్చకపోతే వచ్చే వానకి మళ్ళీ తేలుతుంది.

మూడోది అన్నిటికంటే కింద ఉంది. టెర్రస్ వాలు పడమటి గోడ దగ్గరి నీటి గొట్టం వైపుకి. రీపర్లు ఆ వాలుకి అడ్డంగా, నేరుగా స్లాబు మీద పరిచారు. పద్దెనిమిది రీపర్లు పద్దెనిమిది కట్టల్లా నీళ్ళని ఆపాయి. తేమ మీటరు పెడితే ఎండ తగిలే చోట పలకలో 11 శాతం, పీయూ ఇంకా అంటుకుని ఉన్న చోట అడుగున 19, కుండీల వరస కింద 24. ఇరవై దాటిన తేమ నెలల తరబడి ఉంటే చెక్క కుళ్ళుతుంది. కుళ్ళిన కొసని కోసి చూస్తే అది చేవ కాదు, మాను అంచున ఉండే తెల్ల చెక్క. నాటు టేకు కొనేటప్పుడు పలక పక్కన ఈ తెల్ల గీత రెండు వేళ్ళ వెడల్పు ఉంటే డెక్‌కి పనికిరాదని పక్కన పెట్టాలి. డిపోలో రంగు పులిమేసి ఉంటే కొసని తడిపి చూడండి, తేడా తెలిసిపోతుంది.

ఒప్పందం

లోపలికి ఇంకే నూనె, అందులో రంగు పొడి కలిసినది. ఇంటివాళ్ళకి ముందే చెప్పాల్సినవి మూడు. మెరుపు ఉండదు, తడి ఆరిన చెక్కలా ఉంటుంది. ఐదేళ్ళ మాట లేదు, పడమటి భాగానికి ఏటా ఒక పలుచని చేయి (కోటు) తప్పదు. కానీ గీకే పని మాత్రం ఇక ఉండదు, ఎందుకంటే ఊడడానికి పొరే లేదు. వెలిసిపోతుంది, అంతే. వెలిసిన చోట తుడిచి మళ్ళీ పట్టించొచ్చు.

రంగు వద్దు, క్లియర్ నూనె చాలు అని చాలామంది పట్టుబడతారు. ఎండలోని అతినీల కిరణాలు చెక్కలో పోగుల్ని అతికి ఉంచే లిగ్నిన్‌ని విరగ్గొడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది, మిగిలేది బూడిద రంగు పీచు. దీన్ని అడ్డుకునేది నూనె కాదు, అందులోని ఐరన్ ఆక్సైడ్ రంగు. క్లియర్ నూనె పట్టించిన నమూనా ముక్క మన ఎండకి మూడు నెలల్లో బూడిదబారుతుంది. ఈ ఇంట్లో తీసేసిన పలక ముక్కకే క్లియర్, లేత టేకు రంగు, నడిమి గోధుమ రంగు మూడూ పట్టించి పారపెట్ మీద వారం ఉంచి చూపించాం. గోధుమ రంగు ఖాయమైంది.

ఎప్పుడు చెయ్యాలి

విజయవాడలో దీనికి నికరమైన కాలం డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. ఈశాన్య రుతుపవనాల వానలు అయిపోయి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు. మే నెలలో మధ్యాహ్నం డెక్ మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. ఆ వేడికి నూనె లోపలికి ఇంకక ముందే పైన తోలు కడుతుంది. చలికాలంలో ఇబ్బంది వేరు, మంచు. పొద్దున తొమ్మిదిన్నర దాకా పలకలు చెమ్మగా ఉంటాయి, రాత్రి మళ్ళీ మంచు కురుస్తుంది. ఆరని నూనె మీద మంచు పడితే తెల్లగా మసకబారుతుంది. అందుకని నూనె పని పది నుంచి ఒంటిగంట లోపల, పైన గ్రీన్ నెట్ కట్టి. తప్పనిసరై వేసవిలో చెయ్యాల్సి వస్తే సాయంత్రం అయిదున్నర తర్వాత, పలక మీద అరచెయ్యి ఆనించి ఉంచగలిగే వేడికి దిగాకే.

ఈ పని జనవరి మొదటి వారంలో మొదలైంది. ఇద్దరు వడ్రంగులు, ఇద్దరు పాలిష్ వాళ్ళు, పండగ సెలవులు, ఆరబెట్టిన రోజులు కలిపి 19 రోజులు, అందులో చేతులు కదిలినవి 11. తీసేసిన పలకలు భోగి మంటలో వేద్దామని ఇంట్లో పిల్లలు అడిగారు. పీయూ, పాలిష్ ఉన్న చెక్క కాలిస్తే వచ్చే పొగ పీల్చకూడనిది, పక్కన పెట్టించాం.

విప్పడం, గీకడం, కడగడం

పలకలు విప్పకుండా పైపైన చేస్తే ఖర్చు సగమే. కానీ స్క్రూలు మార్చాలి, రీపర్లు లేపాలి, అడుగుకి నూనె తగలాలి. ఈ మూడింట్లో రెండు ఉంటే విప్పడమే మేలు. వరసకి రెండు చొప్పున 76 పలకలు, ప్రతిదాని అడుగున సుద్దతో వరస నంబరు, తూర్పా పడమరా అన్నది రాశాం. సుద్ద కడిగితే పోతుంది కాబట్టి కొస పక్కన ఉలితో గాట్లు కూడా పెట్టాలి. 9 నుంచి 14 వరసల వాళ్ళు గాట్లు పెట్టకపోవడంతో ఆ పన్నెండు పలకలకి జోడు వెతుక్కోవడానికి ఒక పూట పోయింది.

స్క్రూ తల అరిగిపోయి తిరగని చోట డ్రిల్లుతో తల కొట్టేసి పలక లేపి, మిగిలిన కాడని కటింగ్ ప్లేయరుతో తిప్పి తీశారు. గిన్నెలా వంగిన రెండు పలకల్ని తిరగేసి వాడాం. కుళ్ళినదీ, కొసల దగ్గర చీలిన మూడూ మార్చాం.

పీయూకి ముందు గీకుడు పట్టీ, తర్వాత జెల్ రకం పెయింట్ రిమూవర్. రిమూవర్ పూసి ఇరవై నిమిషాలు, పైన పాలిథిన్ కప్పి ఉంచితే రెండు చేతుల పని ఒక చేతితో అవుతుంది. మొండికేసిన పీయూని నేరుగా మిషన్‌తో అరగదీస్తే వేడికి కరిగి డిస్కుకి జిగురులా పట్టి, డిస్కు నిమిషంలో నున్నబడిపోతుంది. మొదటి రోజు డిస్కులు దండగైంది అలాగే. స్టీల్ ఉన్నితో మాత్రం రుద్దొద్దు. దాని పోగులు చెక్కలో ఇరుక్కుని తడి తగలగానే నల్ల చుక్కలవుతాయి.

బూడిద పొరకి సోడియం పర్‌కార్బొనేట్, లీటరు గోరువెచ్చని నీళ్ళకి 60 గ్రాములు. పోసి పావుగంట ఆగి, చెక్క పోగు వెంబడే నైలాన్ బ్రష్షుతో. అడ్డంగా తోమితే మెత్తబడ్డ పోగులు చింపిరి జుట్టులా లేస్తాయి. ఇది క్షారం కాబట్టి టేకు నల్లబారుతుంది, కంగారు పడక్కర్లేదు. శుభ్రంగా కడిగాక ఆక్సాలిక్ ఆసిడ్, లీటరుకి 100 గ్రాములు, ఇరవై నిమిషాలు. ఆ నలుపూ, స్క్రూల చుట్టూ ఉన్న మచ్చలూ కళ్ళ ముందే విరిగిపోతాయి. మొత్తానికి రెండేసి కిలోలు పట్టాయి. ఆక్సాలిక్ విషం. గ్లోవ్స్, కళ్ళజోడు, పొడి కలిపేటప్పుడు మాస్క్ ఉండాలి, వంటింటి గిన్నె వాడకూడదు. బ్లీచింగ్ పౌడర్, బాత్రూం యాసిడ్ రెండూ ఈ పనిలోకి రానీయొద్దు. బ్లీచింగ్ పోగుల్ని పిండి చేస్తుంది, యాసిడ్ స్టీల్‌ని కూడా తింటుంది, ఆ రెండూ కలిశాయంటే వచ్చే గ్యాస్ ప్రాణం మీదికి తెస్తుంది. ప్రెషర్ వాషర్ ఉంటే వెడల్పు నాజిల్ పెట్టి అడుగు దూరం నుంచే. చివరి కడుగు మున్సిపల్ నీళ్ళతో. బోరు నీళ్ళలో ఉప్పు తెల్లగా మిగులుతుంది, ఇనుము ఉంటే మళ్ళీ మచ్చలే.

కడిగిన పలకల్ని మధ్యలో బద్దలు పెట్టి నీడలో దొంతర పేర్చాం. ఆరో రోజుకి మీటరు 13 చూపించింది. 15 కంటే ఎక్కువుంటే నూనె డబ్బా తెరవొద్దు.

అరగదీత 60 నంబరు, తర్వాత 80, అక్కడితో సరి. పాలిష్ వాళ్ళ చెయ్యి అలవాటుగా 180, 220కి వెళ్ళిపోతుంది, ఆపాలి. నున్నబడిన టేకు నూనె తాగదు. మీద నిలిచిన నూనె జిగురవుతుంది. టేకు పొడి కొందరికి దద్దుర్లు తెప్పిస్తుంది, పొడుగు చేతుల చొక్కా, ఎన్95 మాస్క్ తప్పనిసరి.

బిగింపు

రీపర్ల కింద రెండడుగులకొకటి 10 మి.మీ. రబ్బరు ముక్కలు, మొత్తం 126. నీళ్ళు ఇప్పుడు కింద నుంచి జారిపోతాయి, గాలి ఆడుతుంది. స్లాబుకి ఎక్కడా డ్రిల్లు పెట్టలేదు, వాటర్‌ప్రూఫింగ్‌కి చిల్లు పడితే కింది గది సీలింగు మీద తెలుస్తుంది. ఎత్తు ఒక సెంటీమీటరు పెరిగింది, తలుపు తగలదని ముందే కొలిచి చూశాం.

రెండు పలకలు కలిసే చోట రెండింటి కొసలూ ఒకే 2 అంగుళాల రీపరు మీద కూర్చుంటే ఒక్కోదానికి అంగుళమే దక్కుతుంది. కొసకి అంత దగ్గర స్క్రూ దింపితే చీలుతుంది. మార్చిన మూడు పలకలు చీలింది సరిగ్గా అక్కడే. ఆ అతుకుల దగ్గర రీపరు పక్కన మరో ముక్క జోడించాం. స్క్రూలు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, 10 నంబరు, 50 మి.మీ. పొడవు, దాదాపు 1,450. పాతవి 8 నంబరు, అదే సైజు వేస్తే పాత చిల్లులో పట్టు దొరకదు. అన్నిటికీ ముందు డ్రిల్లు, తల పలక మట్టానికి ఒక మి.మీ. కిందికి.

బిగించే ముందు అడుగుకి, పక్కలకి ఒక చేయి నూనె, కొసలకి రెండు. కొస అంటే కట్ట కట్టిన స్ట్రాల నోరు లాంటిది. పై భాగం కంటే ఎన్నో రెట్లు తాగుతుంది, తాగనివ్వాలి.

ఒక్క రాత్రిలో నువ్వులు చల్లినట్టు

బిగింపు అయిపోయింది, పైన 80 నంబరుతో చేత్తో ఒక తుడుపు అయింది, మిగిలింది పైన నూనె పట్టించడమే. మర్నాడు ఉదయం వచ్చి చూస్తే దక్షిణం వైపు నాలుగు వరసల మీద నల్ల చుక్కలు, నువ్వులు చల్లినట్టు. బూజు అనుకుని పర్‌కార్బొనేట్ కలపబోయారు. బూజు ఒక్క రాత్రిలో అంత సమంగా రాదు. ఒక చుక్క మీద పర్‌కార్బొనేట్, పక్క చుక్క మీద ఆక్సాలిక్ నీళ్ళు స్పాంజితో అద్దితే అయిదు నిమిషాల్లో ఆక్సాలిక్ పెట్టింది మాయమైంది, మొదటిది కదల్లేదు. ఇనుము. పక్కింటి బాల్కనీలో ముందు రోజు సాయంత్రం గ్రిల్లు పని జరిగింది. గ్రైండర్ రజను గాలికి వచ్చి పలకల మీద పడింది, కంటికి కనపడదు, రాత్రి మంచు తగిలి టానిన్‌తో కలిసింది.

అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి ముందు రజను ఎత్తి, ఆక్సాలిక్‌తో కడిగి, రెండు రోజులు ఆరబెట్టాం. నూనె పట్టించకముందే జరిగింది కాబట్టి సరిపోయింది, నూనె కింద చిక్కితే మళ్ళీ అరగదీతే. అరగదీసిన టేకుని రాత్రి ఆరుబయట వదలొద్దు, పాత దుప్పటైనా కప్పండి.

నూనె

ముందు నీటి చుక్క పరీక్ష. చుక్క రెండు మూడు నిమిషాల్లో ఇంకితే చెక్క సిద్ధం. అయిదు లీటర్ల డబ్బా, రెండున్నర లీటర్ల డబ్బా ఒక బకెట్లో కలిపేశాం, లేకపోతే రెండింటి మధ్య రంగు తేడా నేల నడుమ గీతలా కనిపిస్తుంది. రంగు అడుగుకి దిగుతుంది, పది నిమిషాలకొకసారి కలియబెట్టాలి.

ఒకసారికి మూడు పలకలు, ఒక కొస నుంచి రెండో కొస దాకా ఆపకుండా. మధ్యలో ఆపితే అక్కడ జోడింపు మచ్చ. బ్రష్షుతో పట్టించి పావుగంట ఆగి, మిగిలినది నూలు గుడ్డతో పొడిగా తుడిచెయ్యాలి. ఈ పనిలో తుడవడమే అసలు పని. వేళ్ళకి తడి తగలకూడదు. రెండో చేయి మర్నాడు, మొదటి దానిలో సగమే పడుతుంది. లెక్క ఇది: పలకల అడుగు భాగాలకి, పక్కలకి 2.5 లీటర్లు, కొసలకి 200 మి.లీ., పై మొదటి చేయికి 2.6, రెండో చేయికి 1.3. మిగిలింది 900 మి.లీ.

రెండో చేయి రోజున తలుపు పక్క పాతిక చదరపు అడుగులు తుడవకుండా భోజనానికి వెళ్ళారు. ముప్పావుగంటలో అది ఈగలు అంటుకునేంత జిగురైంది. అదే నూనెలో తడిపిన ఆకుపచ్చ స్క్రబ్ ప్యాడుతో రుద్దితే కొత్త నూనె పాతదాన్ని కరిగించింది, వెంటనే తుడిచారు. అదే రోజు గమనిస్తే ఇది చాలు. వారం తర్వాతైతే టర్పెంటాయిల్, అప్పటికీ లొంగకపోతే మిషనే.

తుడిచిన గుడ్డల సంగతి పక్కన పెట్టేది కాదు. అవిసె నూనె జాతి నూనెలు గాలితో కలిసి ఆరుతూ వేడి పుట్టిస్తాయి. గుడ్డలు ఉండగా చుట్టి మూల పడేస్తే నిప్పు చూపించకుండానే అంటుకుంటాయి. నీళ్ళ బకెట్లో ముంచి ఉంచి, సాయంత్రం ఒక్కోటి విప్పి పిట్టగోడ మీద పరచాలి. బాగా ఆరి గట్టిపడ్డాకే చెత్తలోకి.

ఒక రోజుకి నడవొచ్చు, మూడు రోజులకి కుర్చీలు. పట్టలు, తివాచీలు రెండు వారాలు ఆగాలి. రబ్బరు మ్యాట్లు అసలే వద్దు.

ఏడాది తర్వాత

రోహిణి కార్తె వెళ్ళాక చూస్తే పలకల్లో కొత్త నెర్రెలు లేవు, పడమటి కొసలు కొంచెం వెలిశాయి. నవంబరు వానల తర్వాత అడుగున తేమ 15 దాటలేదు. స్క్రూల చుట్టూ మచ్చ ఒక్కటీ లేదు. జనవరిలో పడమటి 60 చదరపు అడుగులు సబ్బు నీళ్ళతో కడిగి, రెండు రోజులు ఆరబెట్టి ఒక చేయి పట్టించాం. 600 మి.లీ. ఖర్చు, ఒక మనిషి, ఒక పూట.

మచ్చలు వచ్చినవన్నీ వాడకం వల్ల. మిరపకాయలు ఎండబోసిన చోట ఎర్రని మరక, అది సబ్బుతో సగం పోయింది, మిగతాది ఎండకే విరిగింది. కార్తీకంలో ప్రమిదల కింద పళ్ళెం పెట్టకపోతే నూనె దిగి నల్లటి బిళ్ళలు. దీపావళి చిచ్చుబుడ్డి కాల్చిన చోట రెండు మి.మీ. లోతు బొగ్గు. దాన్ని పట్టీతో గీకి 80 నంబరుతో రుద్ది నూనె అద్దారు, దగ్గరగా చూస్తే గుంట తెలుస్తుంది. కుండీలు ఇప్పుడు కాళ్ళున్న ఇనుప స్టాండ్ల మీద ఉన్నాయి. స్టాండు కాళ్ళకి ప్లాస్టిక్ తొడుగులు తప్పనిసరి, లేదంటే మళ్ళీ తుప్పు, నలుపు. వారానికోసారి పొడి చీపురు, నెలకోసారి సందుల్లో చీపురు పుల్ల. పక్క వేపచెట్టు ఆకులు సందుల్లో నిండితే రబ్బరు ముక్కలు వేసి లాభం లేదు, నీళ్ళు పైన ఆగిపోతాయి.

ఒక్కటి మిగిలింది. నైరుతి మూల పై కప్పు నుంచి దిగే గొట్టం నీళ్ళు నేరుగా 37వ వరస కొస మీద పడుతున్నాయి. ఆ ఒక్క కొసలో తేమ జనవరిలో కూడా 18 ఉంది. నూనె ఎన్ని చేతులు పట్టించినా అది ఆగదు. గొట్టానికి మోచేయి వేసి రెండడుగులు దక్షిణానికి తిప్పమని ప్లంబర్‌కి చెప్పి ఉంచాం.